రెండో ప్రశ్న

ఫైలు తెరిస్తే ముందు లెక్క కనిపిస్తుంది,
మనిషి తర్వాత.
మొదలుపెట్టినవి ముప్పై తొమ్మిది క్రెడిట్లు,
పూర్తయినవి ఇరవై నాలుగు.
నూటికి అరవై ఒకటిన్నర.
ఆర్థిక సాయం నిలబడాలంటే అరవై ఏడు.
మధ్యలో తగ్గింది ఒక్క సబ్జెక్టు.
దాన్ని కంప్యూటరు ఎర్రగా చూపిస్తుంది.

ట్వైలా స్టాంపర్, ముప్పై నాలుగేళ్లు,
స్లేట్ లిక్ వాగు ఒడ్డు,
శ్వాస చికిత్స కోర్సు.
మా కెంటకీ కొండల్లో బొగ్గు తవ్వడం మానేశారు గానీ
దగ్గడం ఇంకా మానలేదు.

పోయిన సెమిస్టర్‌లో వరసగా ఐదు డబ్ల్యూలు.
మధ్యలో విడిచిపెట్టింది, అని అర్థం.
పక్కపక్కన చూస్తే
నా కిటికీలోంచి కనిపించే కొండల వరసే,
దిగుతూ ఎక్కుతూ, దిగుతూ ఎక్కుతూ,
లోయలన్నిట్లో నీళ్లు.
విడిచిపెట్టినవి లెక్కలోంచి పోవు.
మునిగిపోయింది కూడా మొదలుపెట్టిందే, అంటుంది నిబంధన.
ఆ వాక్యాన్ని ఏడాదికి రెండొందల ఉత్తరాల్లో పంపేది నేనే,
కింద నా సంతకంతో.

అప్పీలు ఫారంలో ఉన్నవి రెండే ప్రశ్నలు.
మీ చేతిలో లేనిది ఏం జరిగింది?
ఇప్పుడు ఏం మారింది?

మొదటిదానికి అరపేజీ రాసింది.
రాత్రి రెండున్నరకి కుక్క మొరగడం ఆపేసిందట,
ఆ నిశ్శబ్దానికే మెలకువ వచ్చిందట.
పిల్లని భుజాన వేసుకుని చర్చి మెట్లెక్కి వెనక్కి చూస్తే
ఇంటి తలుపు తనంతట తనే తెరుచుకుందట,
ఎవరో చుట్టం వచ్చినట్టు.

ఋజువు జతచేయండి, అన్నచోట ఒక ఫొటో.
వంటింటి గోడ, గోడకి గడియారం,
గడియారం మధ్యలోంచి బురద గీత,
తొమ్మిది నుంచి మూడుకి తిన్నగా.

రెండోదానికి ఒక్క ముక్క:
ఏమీ మారలేదు. వాగు అక్కడే ఉంది. నేనూ అక్కడే ఉన్నాను.

వెర్లిన్ నా భుజం మీదుగా చదివి అన్నాడు:
తిప్పి పంపెయ్, కమిటీ ముందు ఇది నిలవదు.
నిజమే రాసింది కదా, అన్నాను.
నిజానికి ఇందులో గడి లేదు, అన్నాడు,
కాఫీ కలుపుకుంటూ, చెడ్డవాడేం కాదు.

ఫోన్ చేశాను. సరుకుల కొట్లో ఉంది.
మాటకీ మాటకీ మధ్య మిషను బీప్ మంటోంది.
అబద్ధం రాయమంటారా?
కాదమ్మా, చిన్నదైనా ఏదో ఒకటి మారే ఉంటుంది కదా.
బీప్. బీప్. ఎవరికో చిల్లర ఇచ్చింది.

పుస్తకాలు ఇప్పుడు ఫ్రిజ్ మీద పెడుతున్నా, అంది.
అనాటమీ పుస్తకం తడిసింది, పొయ్యి పక్కన ఆరబెట్టా.
ఊపిరితిత్తుల పాఠం మొత్తం ఒకే ముద్ద.
కూరగాయల కత్తితో పేజీకి పేజీ విడదీసి చదివా.
కొన్ని చోట్ల అక్షరాలు అవతలి పేజీకి అంటుకున్నాయి,
అద్దంలో చూసి చదివా.
ఇది పనికొస్తుందా?

నాకు తెలియదు. ఆమె అన్నది అన్నట్టే ఎక్కించాను.
చదువు ప్రణాళిక గడిలో
వచ్చే సెమిస్టర్‌కి రెండు సబ్జెక్టులు అని రాసి,
అలవాటుగా లెక్క వేశాను.
నలభై ఐదుకి ముప్పై.
నూటికి అరవై ఆరూ, ఇంకొంచెం.
మళ్లీ వేశాను. మళ్లీ అంతే.
రెండూ పాసైనా, అక్కడ కూడా
గోరంత తక్కువ.

మూడు తీసుకోగలవా, అని అడిగాను.
రాత్రి షిఫ్టు చేస్తూ
తడి గోడల ఇంట్లో పిల్లని నిద్రపుచ్చే మనిషిని
హీటరు పక్కన కూర్చుని అడిగాను.

చాలాసేపు బీప్ కూడా వినిపించలేదు.
మా అక్కని అడిగి చెప్తా, అంది,
బుధవారాలు పిల్లని చూసుకుంటుందేమో.

ఫైలు మూయలేదు.
సాయంత్రం ఇంటికి పోతూ వంతెన మీద కారు ఆపాను.
స్తంభానికి ఎవరో తెల్లరంగుతో అడుగులు గుర్తులు పెట్టారు.
వాగు రెండో అడుగు దగ్గర ఉంది.
కమిటీ గురువారం.
గురువారం వాన ఉందంటున్నారు.